ఫ్రెడ్ రోజర్స్ మీద రెండు అపవాదులు

కిందటి వేసవిలో హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయనను పిట్స్‌బర్గ్ చూపించడానికి తీసుకువెళ్ళాను. ఆయన విశ్రాంత అధ్యాపకులు; నాకు చదువు చెప్పినవారు. నది ఒడ్డున, ఆటల మైదానానికి దాపున, 2009లో ప్రతిష్ఠించిన ఒక కంచు విగ్రహం ఉంది. విగ్రహమంటే చేయెత్తి ప్రసంగించే నాయకుణ్ణి ఊహించుకునే మనకు అది కొంచెం విడ్డూరమే. ఒక బక్కపలచని మనిషి కూర్చుని తాపీగా బూటు లేసు కట్టుకుంటూ ఉంటాడు.

"ఎవరోయ్ ఈయన?" అన్నారు మాస్టారు.

"ఫ్రెడ్ రోజర్స్ అండీ. చిన్నపిల్లల టీవీ కార్యక్రమం నడిపేవాడు. మా అమ్మాయి ఆయన్ని చూస్తూనే పెరిగింది."

"ఓహో, ఈయనేనా! ప్రతి పిల్లవాడికీ నువ్వు ప్రత్యేకమైనవాడివని నూరిపోసి ఈ దేశాన్ని పాడుచేసిన మహానుభావుడు? పిల్లల్ని పొగిడితే ఆయుక్షీణమని మన పెద్దలు ఊరికే అనలేదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర అదే ప్రస్తావన వచ్చింది. మా మిత్రులొకరు నొచ్చుకుని, "అలా అనకండి మాస్టారూ, ఆయన మనిషి కాదు, దేవుడు" అన్నారు. అతిథి మర్యాద అడ్డం వచ్చి నేను నోరు మెదపలేదు. అప్పటినుంచీ అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఈ రెండు మాటలూ అపవాదులేనని నా అభిప్రాయం. మొదటిది నిందగా వచ్చిన అపవాదు, రెండోది స్తుతిగా వచ్చిన అపవాదు. నిజానికి రెండోదే ఎక్కువ హాని చేసింది.

ముందు మొదటిదాని సంగతి చూద్దాం.

ఈ నింద మాస్టారు సొంతంగా కల్పించింది కాదు. 2007లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. మార్కులు తక్కువ వచ్చినప్పుడల్లా పెంచమని వచ్చి అడిగే విద్యార్థులతో విసిగిపోయిన ఒక ఫైనాన్స్ ఆచార్యుడు, ఈ తరానికి ఇంత హక్కుభావం రావడానికి మిస్టర్ రోజర్స్ ప్రతీకగా కనిపిస్తున్నాడన్నాడు. ఆ మాట పట్టుకుని ఒక వార్తా ఛానెల్‌లో ఆయన్ని దుర్మార్గుడనే దాకా వెళ్ళారు. జవాబు చెప్పుకోవడానికి ఆయన అప్పటికి లేడు. 1928 మార్చి 20న పెన్సిల్వేనియాలోని లాట్రోబ్ అనే చిన్న పట్నంలో పుట్టిన ఆ మనిషి 2003 ఫిబ్రవరి 27న కడుపు కేన్సరుతో వెళ్ళిపోయాడు.

ఆయన అన్నదేమిటి? ప్రతి కార్యక్రమం చివరా దాదాపు ఒకే అర్థం వచ్చే మాట చెప్పేవాడు: నీలాంటివాళ్ళు ఈ లోకంలో నువ్వొక్కరివే, నువ్వు ఉన్నట్టుగానే నిన్ను ఇష్టపడతారు, అని. దీనిలో "నువ్వు తక్కినవాళ్ళకంటె గొప్ప" అనే మాట ఎక్కడుంది? "నువ్వేం చేసినా ఒప్పే" అనే మాట ఎక్కడుంది? ఒకరితో ఒకరిని తూచినప్పుడే గొప్ప, తక్కువ అనేవి పుడతాయి. ఆయన చేసిందల్లా ఆ తక్కెడను పక్కన పెట్టడం. ఎదురింటి అబ్బాయిని చూసి బుద్ధి తెచ్చుకో అనే మాట పొద్దున్నే కాఫీతోబాటు విని పెరిగిన మన తరానికి, తక్కెడ లేని ప్రేమ ముఖస్తుతిలా వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. 1981లో ఆయన కార్యక్రమానికి జెఫ్ ఎర్లాంగర్ అనే పదేళ్ళ కుర్రవాడు విద్యుత్తుతో నడిచే చక్రాల కుర్చీలో వచ్చాడు. మన టీవీల్లో అయితే ఆ క్షణాన విషాద సంగీతం మోగుతుంది, ఎవరో ఒకరు కళ్ళు ఒత్తుకుంటారు. రోజర్స్ అదేమీ చేయలేదు. ఈ కుర్చీ ఎలా పనిచేస్తుంది, నీకిది ఎందుకు అవసరమైంది అని తెలుసుకోవాలన్న కుతూహలంతో అడిగాడు. ఆ అబ్బాయి తన వెన్నులో వచ్చిన కణితి గురించీ, శస్త్రచికిత్స గురించీ పాఠం చెప్పినంత స్పష్టంగా చెప్పాడు. తర్వాత ఇద్దరూ కలిసి పాడుకున్నారు. ప్రత్యేకమనే మాటకు ఆయన ఉద్దేశించిన అర్థం అది. ఆ పిల్లవాడికి కావలసింది జాలీ కాదు, చప్పట్లూ కాదు. తన సంగతి తాను చెప్పుకుంటే శ్రద్ధగా వినే ఒక పెద్ద మనిషి.

ఇక పిల్లల్ని సుకుమారంగా పెంచి లోకానికి పనికిరాకుండా చేశాడన్న మాట. ఆ కార్యక్రమాన్ని పది నిమిషాలైనా చూసినవారు ఆ మాట అనలేరు. 1968 జూన్‌లో రాబర్ట్ కెనెడీ హత్య జరిగిన రోజుల్లోనే ఆయన ఒక ప్రత్యేక కార్యక్రమం చేశాడు. అందులో డేనియల్ అనే పులిబొమ్మ, బెలూనులోంచి గాలి ఎక్కడికి పోతుందని అడిగి, కాసేపాగి, హత్య అంటే ఏమిటని అడుగుతుంది. ఆ రెండు ప్రశ్నలనూ అలా పక్కపక్కన పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! చచ్చిపోయిన చేపపిల్లను పిల్లల కళ్ళెదుటే పాతిపెట్టాడు. విడాకుల గురించి ఒక వారమంతా మాట్లాడాడు. అమెరికా, సోవియట్ దేశాలు అణ్వస్త్రాలతో ఒకదాన్నొకటి బెదిరించుకుంటున్న 1983లో, నవంబరులో, తన బొమ్మల రాజ్యంలో ఒక రాజుచేత పొరుగువాళ్ళు బాంబులు చేస్తున్నారేమోనన్న అనుమానంతో తానూ బాంబులు చేయించాడు; తీరా వెళ్ళి చూస్తే పొరుగువాళ్ళు కడుతున్నది వంతెన. లోకంలోని భయాలను పిల్లలకు తెలియకుండా దాచేవాడు చేసే పనులా ఇవి?

ఇందులో నా సొంత గొడవ కూడా ఉంది. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు స్నానాల తొట్టి అంటే హడలు. నీళ్ళు వదలగానే గగ్గోలు పెట్టేది. నేను నవ్వేవాణ్ణి. ఒకరోజు విసుగెత్తి, ఏడుపు ఆపకపోతే ఆ కన్నంలోనే పోతావని బెదిరించాను కూడా. మనమంతా బూచాడి భయంతో అన్నం తిన్నవాళ్ళమే కదా! కొన్నాళ్ళకు రోజర్స్ పాత కార్యక్రమమొకటి టీవీలో వచ్చింది. నీళ్ళు పోయే కన్నంలోంచి నువ్వెప్పటికీ జారిపోలేవు, నువ్వు దానికంటె పెద్దదానివి, అన్న అర్థంతో ఒక పాట పాడాడు. మా అమ్మాయి కదలకుండా విన్నది. విని నా వైపు చూసింది. ఆ చూపును నేను ఈనాటికీ మరచిపోలేదు. దాని భయమేమిటో దేశంలో ఎక్కడో ఉన్న ఒక పరాయి మనిషికి తెలిసింది. పక్క గదిలో ఉన్న తండ్రికి తెలియలేదు.

ఇప్పుడు రెండో అపవాదు. ఆయన దేవుడు, సాధువు, పుట్టుకతోనే మంచివాడు అనడం. ఇది వినడానికి సొంపుగా ఉంటుంది. 2018లో డాక్యుమెంటరీ వచ్చాక, 2019లో టామ్ హాంక్స్ నటించిన సినిమా వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. తల్లి అల్లిపెట్టిన ఎర్ర స్వెట్టరు స్మిత్సోనియన్ మ్యూజియంలో చేరింది. దేశంలో ఏ ఉపద్రవం వచ్చినా ఆయన మాట ఒకటి అందరూ పంచుకుంటారు. పంచుకుని, ఎవరి పని వారు చూసుకుంటారు.

దీనికే మరో వికృతరూపం ఆయన నావికాదళంలో గురిచూసి మనుషుల్ని కాల్చేవాడని, ఒంటినిండా ఉన్న పచ్చబొట్లు దాచడానికే పొడుగు చేతుల స్వెట్టరు వేసుకునేవాడని పుట్టిన పుకారు. శుద్ధ అబద్ధం. ఆయన సైన్యంలో పనిచేయనేలేదు. మరి ఎందుకు పుట్టింది? మృదువుగా మాట్లాడే మగవాడి వెనుక ఏదో ఒక క్రౌర్యం దాగి ఉంటే తప్ప మనం అతన్ని గౌరవించలేం గనుక పుట్టింది. దేవుడన్నా, హంతకుడన్నా ఫలితం ఒక్కటే: మామూలు మనిషికి ఇది సాధ్యం కాదని తేల్చేసి చేతులు దులుపుకోవడం. తన భర్తను సాధువును చేయవద్దని ఆయన భార్య జోయన్ పదేపదే చెప్పేది. అలా చేస్తే ఆయన చేసిన పని అందరికీ అందనిదైపోతుందని ఆమె బాధ.

ఆయన చేసింది పని. నేర్చుకుని, సాధన చేసి, దిద్దుకుంటూ చేసిన పని. లావుగా, జబ్బుగా, ఒంటరిగా గడిచిన బాల్యం ఆయనది. తోటి పిల్లలు వెంటపడి ఏడిపించేవారు. 1951లో సంగీతంలో పట్టా చదువు చివరి ఏడాదిలో ఉండగా ఇంటికి వస్తే అప్పుడే కొత్తగా వచ్చిన టీవీలో మనుషులు ఒకరి మొహం మీద ఒకరు తినుబండారాలు విసురుకుంటూ కనిపించారు. ఇంత అద్భుతమైన సాధనం ఇందుకా అని ఒళ్ళు మండి ఆ రంగంలోకే దిగాడు. న్యూయార్కులో పెద్ద సంస్థలో ఉద్యోగం వదులుకుని 1953లో పిట్స్‌బర్గ్‌లో ఇంకా ప్రసారాలైనా మొదలుకాని విద్యా ఛానెల్‌లో చేరాడు. ఏళ్ళ తరబడి తెర వెనుక బొమ్మలాడించాడు. మధ్యాహ్న భోజనవేళల్లో క్రైస్తవ వేదాంత కళాశాలకు వెళ్ళి చదువుకుని 1963లో పాస్టరయ్యాడు. అయినా కార్యక్రమంలో ఎన్నడూ మతబోధ చేయలేదు. మార్గరెట్ మెక్‌ఫార్లాండ్ అనే శిశుమనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర దశాబ్దాలపాటు శిష్యుడిగా ఉండి, రాసిన ప్రతిదీ ఆమెతో చర్చించాడు. 1968 ఫిబ్రవరి 19 నుంచి 2001 ఆగస్టు 31 వరకు దేశమంతటా వచ్చిన ఆయన కార్యక్రమంలో ఆశువుగా దొర్లిన మాటలు చాలా తక్కువ.

ఎంత జాగ్రత్త అంటే, ఒక నర్సు రక్తపోటు పట్టీలోకి గాలి కొడుతూ బ్లో అప్ అన్నదని ఆ మాట మార్పించాడు. ఇంగ్లీషులో ఆ మాటకు గాలి నింపడమనీ అర్థమే, పేలిపోవడమనీ అర్థమే. పేలుతుందేమోనని భయపడి పిల్లవాడు తర్వాత మాటలు వినడని ఆయన ఆలోచన. ఆయన దగ్గర పనిచేసిన రచయితలిద్దరు 1977లో సరదాగా ఒక సూత్రావళి రాసుకున్నారు. వీధిలో ఆడటం ప్రమాదం అన్న వాక్యం తొమ్మిది మెట్లు దిగితేగాని ఆయన నోట పలకదగినది కాదు. అమ్మానాన్నల్ని అడుగు అనడం కూడా కుదరదు. ఎందుకంటే అందరు పిల్లలకూ అమ్మానాన్నలుండరు. మన పిల్లల పద్యపుస్తకాలు రాసేవారిలో ఎందరు ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నారు?

ఆయనలో లోపాలూ ఉన్నాయి. 1969లో, నల్లవారిని ఈతకొలనుల్లోకి రానీయని రోజులు ఇంకా జ్ఞాపకంలో ఉండగానే, పోలీసు పాత్రధారి ఫ్రాన్స్వా క్లెమన్స్‌ను పిలిచి ఒకే నీళ్ళతొట్టిలో తన పాదాల పక్కన పాదాలు పెట్టించాడు. ఆ దృశ్యాన్ని అందరూ కీర్తిస్తారు. అదే క్లెమన్స్ స్వలింగ ప్రేమికుడని తెలిసినప్పుడు, అది బయటపడితే కార్యక్రమంలో ఉండటం కుదరదని చెప్పినవాడూ రోజర్సే. ఆ సంగతి క్లెమన్స్ స్వయంగా చెప్పారు. ఆయన తర్వాత మారాడనీ, తనను కొడుకులా ప్రేమించాడనీ కూడా చెప్పారు. దేవుణ్ణి చేసినవాళ్ళు ఈ సగం కథను మింగేస్తారు. నాకు మాత్రం ఈ సగం వల్లనే ఆయన మనిషిగా కనిపిస్తాడు. భయపడినవాడు, రాజీపడినవాడు, మళ్ళీ దిద్దుకున్నవాడు.

భక్తులు మరచిపోయే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది: డబ్బు. పిల్లలకు నేరుగా ఏ వస్తువూ అమ్మకూడదన్నది ఆయన నియమం. 1984లో బర్గర్ కింగ్ సంస్థ తనను అనుకరించే పాత్రతో ప్రకటన తీస్తే ఫోను చేసి అభ్యంతరం చెప్పి ఆపించాడు. తనను నమ్మిన పిల్లలు ఆ నమ్మకంతో కొంటారని. అమ్మకం లేని కార్యక్రమం నడవాలంటే ప్రజాధనం కావాలి. అందుకే 1969 మే 1న సెనేట్ ఉపసంఘం ఎదుట కూర్చున్నాడు. ప్రజా ప్రసారాలకు అనుకున్న 20 మిలియన్ డాలర్లను సగానికి కోయాలని ప్రభుత్వం ఆలోచిస్తున్న సమయమది. తన కార్యక్రమం ఖర్చు 6,000 డాలర్లనీ, దానితో రెండు నిమిషాల కార్టూను కూడా తయారు కాదనీ చెప్పాడు. కోపం వచ్చినప్పుడు ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో పిల్లలకు నేర్పే తన పాటను చదివి వినిపించాడు. ఏం చేసినా ఒప్పేనని పిల్లలకు చెప్పాడని నిందించేవారు ఆ పాట సారాన్ని గమనించాలి: కోపం రావడం తప్పు కాదు, చేయబోయిన తప్పును మధ్యలో ఆపుకోగలగడమే గొప్ప. కరకు మనిషిగా పేరున్న అధ్యక్షుడు జాన్ పాస్టోర్ విని, మీ 20 మిలియన్లు మీరు సంపాదించుకున్నట్టే అన్నాడు.

ఆరేడు నిమిషాల ఆ దృశ్యాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోనివారు ఈ దేశంలో అరుదు. మరి 2025 జూలైలో ఏమైంది? ప్రజా ప్రసారాల సంస్థకు అప్పటికే మంజూరు చేసిన సుమారు 1.1 బిలియన్ డాలర్లను అమెరికా కాంగ్రెస్ వెనక్కు తీసుకుంది. ఆగస్టులో ఆ సంస్థ దుకాణం కట్టేసే పని మొదలుపెట్టింది. 2026 జనవరిలో రద్దుకు తీర్మానించుకుంది. విగ్రహం మాత్రం నది ఒడ్డున భద్రంగా ఉంది. మనిషిని దేవుణ్ణి చేస్తే జరిగేది ఇదే. దేవుడికి దండం పెడితే చాలు, నిధులు ఇవ్వనక్కరలేదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారిని, అక్కయ్య కామేశ్వరిగారిని తలచుకుంటే మనకూ కళ్ళు చెమరుస్తాయి. మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదులోనూ ఆకాశవాణిలో వారు నడిపిన కార్యక్రమాల్లో పిల్లలు పాడారు, పద్యాలు చదివారు, నాటకాలాడారు. అక్కడ పిల్లలు పిల్లల కోసం పాడారు. వారిని తలచుకునే చేతులతోనే రిమోటు నొక్కి మనం ఇప్పుడు చూస్తున్నదేమిటి? ఏడేళ్ళ పిల్ల పెద్దవాళ్ళ పాటకు పెద్దవాళ్ళ హావభావాలతో గంతులు వేయడం, ముగ్గురు న్యాయనిర్ణేతలు మార్కులు వేయడం, ఓడిపోతే ఆ ఏడుపును దగ్గరగా చూపించి మధ్యలో ప్రకటనలు వేయడం. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ, డాన్సు పోటీల్లో పిల్లల్ని అసభ్యంగా చూపవద్దని ఛానెళ్ళకు సలహాపత్రం పంపవలసి వచ్చిందంటే ఇక చెప్పేదేముంది?

మొదట చెప్పిన మాస్టారి దగ్గరకే వస్తాను. ఆ రాత్రి భోజనాలయ్యాక ఆయన తన ఫోనులో ఒక వీడియో చూపించారు. వారి మనవరాలు అటువంటి పోటీలో పాల్గొన్న దృశ్యం. చక్కగా ఆడింది. చివర్లో నిన్ను తీసివేశామని చెప్పినప్పుడు ఆ పిల్ల మొహాన్ని కెమెరా చాలాసేపు వదలలేదు. "ఒకసారి అలా ఏడిస్తేగాని గట్టిపడరోయ్" అన్నారాయన.

"ఇప్పుడు ఏం నేర్చుకుంటోంది మాస్టారూ?" అని అడిగాను.

"ఏమీ లేదు. గజ్జెలు తీస్తే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది" అని, ఫోను జేబులో పెట్టుకున్నారు.

ఆయన ఆ పిల్లను ప్రాణంగా చూసుకుంటారని నాకు తెలుసు. అందుకే ఈ వాదన నాకు ఆయనతో కాదు, ఆయనకూ నాకూ ఒకే ఇంటి నుంచి వచ్చిన నమ్మకంతో. పిల్లల్ని భయపెట్టి, పోల్చి, పోటీకి నిలబెట్టి గట్టిపరుస్తామన్న నమ్మకంతో.

రోజర్స్ తన కార్యక్రమంలో రోజూ చేపలకు మేత వేసేవాడు. ఒకసారి చూపులేని పాప ఒకరి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మీరు మేత వేశారో లేదో నాకు కనిపించదు, చేపలు ఆకలితో ఉన్నాయేమోనని దిగులుగా ఉంటుంది, వేసినప్పుడు పైకి చెప్పండి అని. అప్పటినుంచీ ఆయన, చేపలకు మేత వేస్తున్నాను అని పైకి చెబుతూ వేసేవాడు. దీనికి దైవత్వం అక్కరలేదు. ఉత్తరం చదవాలి, మర్నాడు గుర్తుపెట్టుకోవాలి. విగ్రహానికి నమస్కారం పెట్టే ముందు, మన ఇంట్లో పిల్ల చెప్పి చెప్పి ఊరుకున్న మాట ఏదైనా ఉందేమో, వెళ్ళి అడుగుదాం.